చలికి మరిగిన కారు

"ఇదేందిరా, బండికి తోక మొలిచినట్టుండాది?"

మా నాయన అమెరికా వచ్చిన మూడో రోజు, మా అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో అడిగిన మొదటి ప్రశ్న ఇది. పక్కన పార్క్ చేసిన పికప్ ట్రక్కు ముందు గ్రిల్‌లోంచి ఒక కరెంటు వైరు, దాని చివర ప్లగ్గు వేలాడుతున్నాయి. మన ఊళ్లో అయితే అక్కడ నిమ్మకాయ, మిరపకాయలు వేలాడాలి.

అది బ్లాక్ హీటర్ వైరు నాయనా, రాత్రి ప్లగ్గులో పెడితే ఇంజిన్ వెచ్చగా ఉంటుంది, పొద్దున తొందరగా స్టార్ట్ అవుతుంది అన్నాను. ఆయన కాసేపు ఆ ట్రక్కు చుట్టూ తిరిగాడు.

"మనకాడ ఇంజన్ సల్లబర్చలేక సస్తాంటే, ఈడ కరెంటు పెట్టి కాంచుతారా?"

అది 2024 నవంబర్. అందరి అమ్మానాన్నలూ ఎండాకాలంలో వస్తారు. మావాళ్లకు వీసా దొరికిందే ఆలస్యంగా. సరే రండి, మంచు అయినా చూస్తారు అన్నాను. నేను మినియాపొలిస్‌లో ఉండబట్టి అది ఏడో చలికాలం. ప్రతి నవంబర్‌లో ఒక శనివారం కారును చలికి రెడీ చేసుకోవడం నాకు అలవాటు. ఈసారి సాయానికి ముప్పై ఏళ్లు బండి తోలిన మనిషి ఉన్నాడు కదా అని హుషారుగా ఉన్నా. లోపల ఒక భయం కూడా ఉంది. అదేంటో తర్వాత చెప్తా.

ముందు మా నాయన గురించి చెప్పాలి. ఆయన టాటా 407 డ్రైవరు, ఓనరు, అవసరమైతే మెకానిక్కు. గార్లదిన్నె వైపు తోటల నుంచి చీనీకాయలు అనంతపురం మార్కెట్‌కు, అక్కడి నుంచి బెంగళూరుకు తోలేవాడు. మా జిల్లాలో ఏడాదికి పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. దేశంలోనే అతి తక్కువ వానలు పడే జిల్లాల్లో మాదొకటి. అలాంటి చోట చీనీ తోట బతకాలంటే నీళ్లు కావాలి, బోరు వేస్తే వెయ్యి అడుగులకు పోయినా పడతాయో లేదో. కానీ మా నాయన బండిలో మాత్రం ఎప్పుడూ ఇరవై లీటర్ల తెల్ల క్యాను నిండా నీళ్లుండేవి. తాగడానికి కాదు. రేడియేటర్‌కి.

ఎండాకాలంలో 43, 44 డిగ్రీల్లో లోడుతో ఎక్కుడు ఎక్కితే ఇంజిన్ మరిగిపోతుంది. అప్పట్లో మా వైపు కూలెంట్ కొని పోసేవాళ్లను నేను చూడలేదు. బోరు నీళ్లే. ఆ నీళ్లలో సున్నం, ఉప్పు ఎక్కువ. అవి రేడియేటర్ గొట్టాల్లో పొరలుగా పేరుకుంటాయి, గొట్టం సన్నబడుతుంది, ఇంజిన్ ఇంకా మరుగుతుంది, ఇంకా నీళ్లు పోస్తారు. ఇదొక చక్రం. ఇంజనీరింగ్‌లో హీట్ ట్రాన్స్‌ఫర్ క్లాసులో కూర్చుని, ఓహో మా 407 బాధ ఇదా అనుకున్న రోజు నాకింకా గుర్తుంది.

2008 మే. ఆరో తరగతి అయిపోయిన సెలవులు. బెంగళూరు చూపిస్తా రారా అని నాయన నన్ను బండెక్కించుకున్నాడు. పెనుకొండ దగ్గర ఎక్కుడులో ముల్లు ఎర్ర గీత మీదికి పోయింది. బండి పక్కకు ఆపి క్యాను తీశాడు. ఖాళీ. అరగంట ముందు టీ కోసం ఆగినప్పుడు ఎండకు తట్టుకోలేక ఆ నీళ్లన్నీ నేనే తల మీద పోసుకున్నా. అటుగా పోతున్న లారీ క్లీనరు ఒకాయన సగం బకెట్ నీళ్లిచ్చాడు. మార్కెట్ టైము దాటితే కాయలకు రేటు పడిపోతుంది. ఆ తొందరలో నాయన ఇంజిన్ చల్లబడకముందే గుడ్డ చుట్టి రేడియేటర్ మూత తిప్పాడు.

మూత బిగించి ఉన్నంత సేపు లోపల ఒత్తిడి ఉంటుంది, నీళ్లు వంద డిగ్రీలు దాటినా మరగవు. మూత తీయగానే ఒత్తిడి పోతుంది, అన్నీ ఒక్కసారిగా ఆవిరై పైకి లేస్తాయి. కుక్కర్ లాంటిదే. నాయన కుడి చేయి మణికట్టు నుంచి మోచేతి దాకా బొబ్బలెక్కింది. ఆ చేత్తోనే బెంగళూరు దాకా తోలాడు. నీళ్లు ఎవరు ఒలకబోశారో ఆయనకు తెలుసు. ఒక్క మాట అనలేదు. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది, చీనీకాయ తొక్క ఎండినట్టు.

ఇక 2018కి వద్దాం. జేఎన్‌టీయూ అనంతపురంలో బీటెక్ అయ్యాక ఎమ్మెస్‌కు మినెసొటా వచ్చా. ముగ్గురం రూమ్మేట్స్ కలిసి 2,400 డాలర్లకు ఒక ముసలి కారు కొన్నాం. తలా 800. అప్పటి రేటులో దాదాపు 57 వేల రూపాయలు. ఇంటి మీద లోను తీసుకుని వచ్చినోడికి అది ఎంత డబ్బో మీకు చెప్పక్కర్లేదు. ముగ్గురిలో బండి గురించి తెలిసినోడు ఎవడు? నేనే. 407 ఓనరు కొడుకుని కదా! ఆ బిల్డప్ నాకు బాగా ఉండేది.

వీడియో కాల్‌లో కారు చూపిస్తే నాయన ఒకటే చెప్పాడు. "రేడియేటర్లో నీళ్లు సూసుకుంటాండు. నీళ్లుంటే ఏ బండైనా మాట ఇంటాది."

విన్నా. ఆ కారుకు ఎక్కడో చిన్న లీకు ఉంది. వారానికోసారి లెవెల్ తగ్గేది. తగ్గినప్పుడల్లా కిచెన్ కుళాయి నుంచి బాటిల్‌తో నీళ్లు తెచ్చి పోసేవాణ్ని. అక్టోబర్, నవంబర్, డిసెంబర్. పోసిన ప్రతిసారీ బాధ్యత గల ఓనర్‌లా ఫీలయ్యేవాణ్ని కూడా.

2019 జనవరి 29. ఆ తేదీ నాకు మర్చిపోవడానికి లేదు, ఎందుకంటే ఆ పొద్దున లేవగానే ఫోన్లో నాయన పంపిన వీడియో. మా పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీలో ట్రయల్ ప్రొడక్షన్ మొదలై మొదటి కారు బయటికి వచ్చింది ఆ రోజే. "మన కాడ కార్లు తయారైతాండాయి సూడు" అని కింద వాయిస్ మెసేజ్. ఇక్కడేమో పోలార్ వోర్టెక్స్ వస్తోందని మూడు రోజుల నుంచి ఒకటే హెచ్చరికలు. యూనివర్సిటీ క్లాసులు రద్దు చేసింది. మర్నాడు పోస్టల్ సర్వీస్ వాళ్లు ఉత్తరాలు కూడా పంచలేదు. ఆ మర్నాటి పొద్దున ఇక్కడ నమోదైంది మైనస్ 33 సెల్సియస్.

తెలివైనోళ్లు ఇంట్లో ఉన్నారు. మేం మాత్రం, రేపటి నుంచి బయటికి పోలేం, పాలు, ఉల్లిగడ్డలు తెచ్చుకుందాం అని సాయంత్రం ఇండియన్ స్టోర్‌కు బయల్దేరాం. నేను, కడప వాడు ఒకడు. మూడోవాడు నిద్రపోతున్నాడు, బతికిపోయాడు. ఫోన్లో మైనస్ 26 చూపిస్తోంది. జంపర్ కేబుల్స్ పెట్టి స్టార్ట్ చేశాం.

హైవే ఎక్కిన పది నిమిషాలకు హీటర్ నుంచి చల్లగాలి రావడం మొదలైంది. అప్పుడే టెంపరేచర్ ముల్లు లేచింది. సగం దాటింది. ఎర్ర గీత దగ్గరికి వచ్చింది. నేను నవ్వాను. ఇంత చలిలో ఇంజిన్ వేడెక్కడమేంట్రా, మీటరు పాడైంది అన్నా. ఇంకో రెండు మైళ్లు తోలా. అప్పుడు వచ్చింది వాసన. చిన్నప్పుడు పెనుకొండ ఎక్కుడులో వచ్చిన వాసనే. బానెట్ సందుల్లోంచి ఆవిరి.

షోల్డర్ మీద ఆపి, బానెట్ లేపి, అలవాటు కొద్దీ మూత మీదికి చేయి పోయింది. గ్లవ్ వేసుకున్న చేయి మూతకు తగిలాక ఆగింది. నాయన చేయి కళ్లముందు కనబడింది. తీయలేదు. ఆ రోజు నేను చేసిన ఒకే ఒక్క మంచి పని అది.

తర్వాత కారులో కూర్చున్నాం. హీటర్ లేదు. దుప్పటి లేదు. టార్చి లేదు. చలికి నా ఫోను 30 శాతం బ్యాటరీ ఉండగానే ఆరిపోయింది. మావాడి ఫోనుతో టోయింగ్‌కు చేస్తే రెండు గంటలు పడుతుందన్నారు. ఆ గాలికి బయటపడిన చర్మం దెబ్బతినడానికి పది నిమిషాలు చాలని తర్వాత చదివా. మావాడు ఫోన్ మాట్లాడటానికి గ్లవ్స్ తీశాడు. మళ్లీ వేసుకున్నాడు, కారు దిగి చేతులు ఊపి బండ్లు ఆపడానికి మళ్లీ తీశాడు. గ్లవ్స్ అంటే అవి ఊరి నుంచి తెచ్చుకున్న ఉన్నివి. నలభై నిమిషాల తర్వాత ఒక పెద్దాయన పికప్ ఆపి మమ్మల్ని ఎక్కించుకున్నాడు. లైటు వెలుతురులో చూస్తే మావాడి వేళ్ల కొసలు తెల్లగా, మైనంలా ఉన్నాయి.

"కూలెంట్ ఎప్పుడు మార్చావు?" అని పెద్దాయన అడిగాడు. నీళ్లు పోశానన్నా. ఆయన ఇంకేమీ మాట్లాడలేదు. నేరుగా ఎమర్జెన్సీకి తీసుకుపోయాడు.

వేళ్లు దక్కాయి. కానీ రెండు నెలలు వాడికి ఎడమ చేతి మూడు వేళ్లకు స్పర్శ సరిగా లేదు. కోడ్ టైప్ చేసేటప్పుడు కీ నొక్కానో లేదో కళ్లతో చూసుకునేవాడు. నన్ను ఏమీ అనలేదు వాడు. అందుకే ఇంకా కష్టంగా ఉండేది.

జరిగింది ఇది. కూలెంట్ అంటే సగం నీళ్లు, సగం ఇథిలీన్ గ్లైకాల్. ఆ పాళ్లలో ఉంటే మైనస్ 37 దాకా గడ్డకట్టదు. నేను పోసి పోసి గ్లైకాల్‌ను మూడో వంతు కంటే తక్కువకు దించేశా. అప్పుడది మైనస్ 15 దగ్గరే గడ్డకట్టడం మొదలుపెడుతుంది. రేడియేటర్‌లో ఐసు ముద్ద. ఇంజిన్ వేడిని మోసుకుపోవాల్సిన ద్రవం కదలదు. అందుకే హీటర్‌లో చల్లగాలి, ఇంజిన్‌లో మంట. బయట మైనస్ 26, లోపల మరిగిపోతోంది. పైగా నీళ్లు గడ్డకడితే తొమ్మిది శాతం దాకా ఉబ్బుతాయి, ఇనుమైనా పగలాల్సిందే. మా ఇంజిన్ బ్లాక్ పగిలింది. కారు తుక్కు కింద 250 డాలర్లకు పోయింది.

నాయనకు ఫోన్ చేసి బ్యాటరీ పోయింది, బాగు చేయిస్తే దండగ అన్నారు, అమ్మేశాం అన్నా.

"నీళ్లు సూసుకున్నావు కదా?" అన్నాడు.

"చూసుకున్నా నాయనా."

ఐదేళ్లకు పైగా ఆ అబద్ధం అలాగే ఉంది.

మళ్లీ పార్కింగ్ లాట్‌కు వద్దాం. ఆ శనివారం ఎండ బాగానే ఉంది, రెండు డిగ్రీలు. నాయనకు నా జాకెట్ ఒకటి, కోతిటోపీ ఒకటి. మొదట ఆయిల్. డబ్బా మీద 0డబ్ల్యూ-20 అని ఉంది. నాయన జీవితమంతా కొన్నది 20డబ్ల్యూ-40. ఆ డబ్ల్యూ అంటే ఏందో తెలుసా అన్నా. కంపెనీ పేరు అనుకున్నాడట. వింటర్ నాయనా, చలికాలం. డబ్ల్యూ పక్కనున్న అంకె చలిలో ఆయిల్ ఎంత సులువుగా పారుతుందో చెప్తుంది, అది ఎంత తక్కువైతే అంత మేలు. రెండో అంకె ఇంజిన్ వేడెక్కాక చిక్కదనం.

"అంటే ముప్పై ఏండ్లు అనంతపురంలో చలికాలం నంబరు సూసి కొన్నానా నేను?" అని పడీ పడీ నవ్వాడు.

ఉత్తరాదికి లోడు తోలిన లారీ డ్రైవర్లు చెప్పేవాళ్లంట, కొండల్లో డీజిల్ గడ్డకడితే ట్యాంకు కింద మంట పెడతారని. నిజమే, డీజిల్‌లో మైనం ఉంటుంది, చలికి పేరుకుంటుంది. 2019 నవంబర్‌లో ఇండియన్ ఆయిల్ లదాఖ్ కోసం మైనస్ 33 దాకా పారే డీజిల్ తెచ్చిందని చెప్పా. మైనస్ 33 అనేటప్పుడు నా గొంతు ఎందుకో తడబడింది. ఆయన గమనించలేదు.

టైర్ల దగ్గర మాత్రం గొడవైంది. మామూలు రబ్బరు 7 డిగ్రీల కంటే కిందికి పోతే గట్టిపడుతుంది, రోడ్డును పట్టుకోదు. అందుకే చలికాలం టైర్లు వేరే, వాటి మీద కొండ, మంచు పువ్వు గుర్తు ఉంటుంది. అది ఒప్పుకున్నాడు. గాలి దగ్గర ఒప్పుకోలేదు. దాదాపు ఐదున్నర డిగ్రీలు తగ్గితే టైరులో ఒక పాయింటు గాలి తగ్గుతుంది కాబట్టి చలికాలంలో తరచూ చూసుకుని నింపుకోవాలన్నా. మరి ఎండాకాలంలో రెండు పాయింట్లు తగ్గించాలి కదా అన్నాడు. మన వైపు అందరూ చేసేది అదే. కానీ అది తప్పు. గాలి తక్కువైతే టైరు పక్కలు ఎక్కువగా వంగి ఇంకా వేడెక్కుతాయి, మే నెలలో హైవే మీద టైర్లు పేలడానికి అదొక కారణం. కంపెనీ రాసినంత గాలి, టైరు చల్లగా ఉన్నప్పుడు కొట్టించుకోవాలి. ఎండకైనా అంతే. ఆయన ఇప్పటికీ పూర్తిగా నమ్మలేదు. మీరు నమ్మండి.

బ్యాటరీ టెస్ట్ చేయించాం. ఇక్కడ బ్యాటరీ మీద కోల్డ్ క్రాంకింగ్ ఆంప్స్ అని ఒక అంకె ఉంటుంది. మైనస్ 18 డిగ్రీల్లో ముప్పై సెకన్ల పాటు ఎంత కరెంటు ఇవ్వగలదో చెప్పేది. విచిత్రం ఏంటంటే, బ్యాటరీని లోపల తినేసేది ఎండే. చలి చేసేదల్లా ఆ సంగతి బయటపెట్టడం. "మనిషి మాదిరే" అన్నాడు నాయన.

డిక్కీలో పెట్టేవి చూసి ఆశ్చర్యపోయాడు. పార, రెండు దుప్పట్లు, టార్చి, జంపర్ కేబుల్స్, మంచి గ్లవ్స్ రెండు జతలు ఎక్కువ. చక్రాలు మంచులో తిరిగిపోతుంటే చల్లడానికి ఇసుక సంచి.

"ఇసుక కొంటారా ఈడ? హగరి ఒడ్డుకు రమ్మను, లారీలతో పంపిస్తా."

అమ్మ ఒక డబ్బా నిండా శెనిక్కాయ ఉండలు తెచ్చి డిక్కీలో పెట్టింది. ఎంత చలికైనా చెడవు, ఒంటికి వేడి. ఇక్కడి లిస్టుల్లో గ్రనోలా బార్లు అని రాస్తారు. మాది బెటరు.

మంచులో ఇరుక్కుపోతే ముందు సైలెన్సర్ గొట్టం చుట్టూ మంచు తవ్వి తీయాలి, లేకపోతే పొగ కారులోకి వచ్చి నిద్రలోనే ప్రాణం పోతుంది. ట్యాంకు ఎప్పుడూ సగానికి తగ్గకూడదు. గంటకు పది నిమిషాలు మాత్రం ఇంజిన్ వేసుకుని, కిటికీ కొంచెం దించాలి. ఇవన్నీ చెప్తుంటే నాయన నన్నే చూస్తున్నాడు. "ఇన్ని ఎట్ల నేర్చుకుంటివిరా?" అన్నాడు.

చివరికి మిగిలింది కూలెంట్. చల్లటి ఇంజిన్ మూత తీసి, సిరంజి లాంటి టెస్టర్‌తో కొంచెం పీల్చి చూపించా. లోపల ముల్లు మైనస్ 37 మీద ఆగింది. ఇది నీళ్లు కాదు నాయనా, ఎండాకాలంలో కూడా ఇదే మంచిది, వట్టి నీళ్ల కంటే ఎక్కువ వేడికి గానీ మరగదు, గొట్టాలకు తుప్పు పట్టదు అన్నా.

"నీళ్లు పోస్తే ఏమైతాది?"

మాట బయటికి రాలేదు చాలాసేపు. తర్వాత అంతా చెప్పా. కుళాయి నీళ్లు, హైవే, ముల్లు, మావాడి వేళ్లు, బ్యాటరీ అని చెప్పిన అబద్ధం. చెప్తూ కిందికే చూస్తున్నా. నేను చెప్పడం అయ్యాక కూడా ఆయన టెస్టర్‌ను చేతిలో అటూఇటూ తిప్పుతూ ఉన్నాడు.

"ఆ కడప పిల్లోని సేతులు బాగుండాయా ఇప్పుడు?"

మొదట అడిగింది అదీ. బాగున్నాయి నాయనా, డాలస్‌లో ఉన్నాడు, పెళ్లి కూడా అయింది అన్నా. ఫోన్ చెయ్ అన్నాడు. చేశా. మావాడికి ఏమీ అర్థం కాలేదు. "అప్పా, నేను రా, వీళ్ల నాయన్ను. నీ వేళ్లు బాగుండాయా?" అంటున్నాడు ఈయన. వాడు వీడియో ఆన్ చేసి పది వేళ్లూ కెమెరా ముందు ఆడించి చూపించాడు. నాయన తన కుడి చేతి మీది మచ్చ చూపించాడు. ఇద్దరూ పావుగంట మాట్లాడుకున్నారు. ఎక్కువ భాగం నన్ను తిట్టుకోవడమే.

ఆ రాత్రి పదకొండున్నరకు, అంటే ఊళ్లో పొద్దున పదకొండింటికి, హాల్లో నాయన గొంతు వినబడింది. రెండేళ్ల కిందట మా 407 కొన్న తాడిపత్రి ఆయనతో మాట్లాడుతున్నాడు.

"...నీళ్లు పోయొద్దప్పా ఇంక. మొదట లోపలంతా కడిగిచ్చు. ఆ పచ్చ మందు తెచ్చి పొయ్యి, సగానికి సగం, మంచి నీళ్లల్లో, బోరు నీళ్లల్లో గాదు... ఆ, ఎండాకాలానికి గూడా అదే... ఎవరు చెప్పినారా? మావోడే. వానికి తెలుస్తాది లే, వాడు ఒక బండి పోగొట్టుకున్నోడు."